పసుపూ సున్నమూ

మూడు నెలలు ఈ గోడల్ని తడుముకుంటూ బతికాను.
ఎక్కడ ఉప్పు పూసిందో, ఎక్కడ ఇటుక నానిందో
నా అరచేతికి తెలుసు.
ఇవాళ కుర్చీలో కూర్చున్నాను, ఇస్త్రీ చొక్కాతో,
వీపు గోడకి ఆనించకుండా.

గోపాల్‌పూర్ రేవులో
రంగం ఓడల కోసం బస్తాలు పేర్చిన కొట్టు ఇది.
ఇప్పుడు గుమ్మం మీద బంగ్లా అక్షరాలు,
లోపల కంచు గిన్నెలు.
"మేస్త్రీ, ముందు నువ్వూ నీ ఇంటావిడా తినాలి,
ఆ తర్వాతే టూరిస్టులు" అంది తాపసీ హాల్దార్
వచ్చీరాని ఒడియాలో.

ఈ గోడా తినే నిలబడింది.
బెల్లం, కరక్కాయ నీళ్ళు
గున్నమ్మే కలిపి పెట్టింది దానికి.

మొదటి గిన్నెలోనే చేదు:
కాకరకాయ, మునక్కాడ, పాలు కలిసిన పులుసు.
గున్నమ్మ బల్లకింద నా కాలు తొక్కింది.
"జొరమొచ్చినోళ్ళకి పెట్టీది మనకెట్టీసేరేటి?"
గోడకైనా అంతే కదే,
ముందు గరుకు పూత, నునుపు చివర్న, అన్నాను.
"నీకు గోడ తప్ప ఏటి తెల్సు."

లూచీలు వచ్చాయి, ఉబ్బి, తెల్లగా,
ఎండ మొహం చూడని పూరీలు.
ఆ తర్వాత అరిటాకు పొట్లం.
విప్పగానే ఆవ ఘాటుకి
ఆవిడ కళ్ళమ్మట నీళ్ళు.
ముక్క తిప్పి చూసింది.
"ఇలస.
మా అయ్య వల్లో పడితే మాకు పెట్టీవోడు కాదు.
ఐసు పెట్లో కలకత్తా ఎల్లిపోయీది."

కలకత్తా దాకా పోయి
వంట నేర్చుకుని, ఆకు చుట్టుకుని
ఇన్నాళ్ళకి మా కంచంలోకి దిగింది.

ముళ్ళన్నీ నాలికతోనే ఏరింది గున్నమ్మ.
తాపసీ హాల్దార్ వడ్డించడం మానేసి
అలా చూస్తూ నిలబడిపోయింది.

చెయ్యి కడగడానికి లేస్తూ
గడప తట్టుకుని గోడ పట్టుకుంది.
నాలుగు పసుపు వేళ్ళు
నా పచ్చి సున్నం మీద.
చూస్తుండగానే ఎర్రబడ్డాయి,
పారాణి దిద్దినట్టు.

"అయ్యో" అని చెంగు తడిపింది.
రేపొచ్చి ఓ పూత వేస్తానన్నాను.
తాపసీ హాల్దార్ కళ్ళద్దాలు పైకి నెట్టి
దగ్గరగా చూసింది. ఏమీ అనలేదు.

మర్నాడు కుంచెతో వెళ్తే
ఆ చోటుకి అడ్డంగా ఒక కుర్చీ జరిపి ఉంది.
దాచిందో, కాచిందో,
నేను అడగలేదు.
ఎదురు గోడకి పూత వేసి
బకెట్టు కడుక్కుని వచ్చేశాను.