చింత కింద అయిదు

మార్కాపురం, తర్లుపాడు రోడ్డు.
పలకల ఫ్యాక్టరీ గోడవార
విరిగిన చెక్కుల గుట్ట మీద
ఎండ నల్లగా మెరుస్తోంది.
ఫారానికి ముప్పై అయిదు రూపాయలు నాకు.
మూతబడ్డ కాలేజీలో లెక్కలు చెప్పిన చేత్తో
మనుషులు కొత్త పనులకు ఎట్లా మళ్ళుతారో
ఒకటి నుంచి అయిదులోపు కొలవాలి.

వయసులకు మూడు గళ్ళు.
పద్దెనిమిది నుంచి ముప్పై,
ముప్పై ఒకటి నుంచి నలభై అయిదు,
నలభై ఆరు నుంచి అరవై.
ఆ పైన గడి లేదు.
అరవై దాటినవాళ్ళంతా
కూర్చునే తింటారని కాబోలు.

అంకబాబు, ఇరవై మూడు.
మూడేళ్ళలో ఆరు పనులు:
ఒంగోల్లో సెల్లు షాపు, చీమకుర్తిలో లోడింగు,
బెంగుళూరులో డెలివరీ బండి,
మిగతావి వేళ్ళ మీద లెక్కపెట్టి మధ్యలో వదిలేశాడు.
"కొత్త పని నేర్చుకోగలవా?"
అయిదు.
"అడ్డమొస్తే దారి వెతుక్కోగలవా?"
అయిదే రాయన్నా.
అన్నిటికీ అయిదులు వేయించి
వెళ్ళబోతూ ఆగి, నెమ్మదిగా,
"ఒకే పనిలో నిలబడటం వచ్చా అని
అడగవా అన్నా అందులో?"
ఆ ప్రశ్న లేదు.
పక్కన రాద్దామంటే
మార్జిన్లో ఏమీ రాయరాదని
మొదటి పేజీలోనే అచ్చేశారు.

గాలెయ్య, నలభై నాలుగు.
కోత మిషను సగం చెవిని తినేసింది.
రెండుసార్లు అరిచాను.
మూడోసారికి ఫారం లాక్కుని తనే చదువుకుని
నాలుగింటికీ మూడు పెట్టాడు.
"నడిమధ్యన ఉంటే ఎవురూ ఏమనరు గదా."
పిల్లలు పలకలు మానేసిన కాలంలో
ఇదే మిషను మీద ఇళ్ళకు బండలు కోశాడట.
బిళ్ళ మార్చినా, అంతే, అంటాడు.

హుసేనమ్మకు వయసు తెలియదు.
"నా పెద్దకూతురికి ముప్పై ఎనిమిది,
పదహారేళ్ళకు కన్నా, నువ్వే కూడుకో."
యాభై నాలుగు.
మోకాలి మీద రాస్తే కాయితం చిరుగుతుందని
చట్రం లేని పలకొకటి గుట్టలోంచి లాగి
కొంగుతో తుడిచి ఇచ్చింది.
"కొత్త పని నేర్చుకోగలవా?"
నాకేం చేతనవుద్ది నాయనా, ఒకటి.
"నీ నిర్ణయం నువ్వే తీసుకుంటావా?"
ఎవురు తీసుకోనిచ్చినారు, ఒకటి.
"అడ్డమొస్తే దారి?"
ఏం దారిలే, దానికీ ఒకటే.
అంటున్నంతసేపూ చేతులు ఆగలేదు,
చట్రం మూలలకు మేకులు కొడుతూనే ఉన్నాయి.
ఈ చట్రాల పని నిరుడు పట్టింది.
అంతకుముందు గనిలో తట్ట,
గనిలో నీళ్ళూరితే కొండపిలో పొగాకు గ్రేడింగు,
దగ్గు పట్టుకుంటే బడిలో మధ్యాహ్నం వంట,
బిల్లులు రాకపోతే బస్టాండులో ఉడకేసిన శెనక్కాయలు.
నేనడిగినవి కావివి.
మేకుకూ మేకుకూ నడుమ తనే చెప్పింది,
ఎవరో పొరుగు మనిషి సంగతిలా.

ఇంగ్లీషు ఫారాన్ని తెలుగు చేసిన మహానుభావుడెవరో
ముందుచూపు అనాల్సిన చోట
చింత అని రాశాడు.
"రేపటి గురించి చింత ఉందా?"
సుత్తి ఆగింది.
"చింతా?
దానికైతే అయిదేసుకో.
ఆరుంటే ఆరేసుకో."
పక్కనున్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు.
నేనూ నవ్వాను.
వేశాను, అయిదు.

రాత్రి లాడ్జిలో మొత్తాలు.
అంకబాబు ఇరవైకి ఇరవై.
గాలెయ్య పన్నెండు.
హుసేనమ్మ ఎనిమిది,
అందులో అయిదు చింతవే.
నలభై ఫారాలూ కలిపి చెబితే
ఫోనులో సూపర్‌వైజరు సంబరపడ్డాడు.
"గ్రాఫు చక్కగా దిగుతోందయ్యా,
వయసు పెరిగేకొద్దీ తగ్గుతుందని
అనుకున్నదే గదా."
కూడిక తప్పలేదు సార్, అన్నాను.
రెండుసార్లు సరిచూశాను మరి.

సంచీ ఎత్తితే బరువు.
పలక. ఇచ్చిరావడం మరిచాను.
దీని మీద పెట్టి అన్ని అంకెలు వేశానా,
వేలితో తడిమితే
ఒక్కటీ అంటలేదు.

పొద్దున్నే పోయి ఇచ్చేయాలి.
చట్రాల దగ్గరే ఉంటుందో,
ఈలోపు ఇంకే పనిలో ఉంటుందో.
అడుక్కుంటూ పోవాలి.