ఐదో నంబరు

మాధవరం లారీ స్టాండు, తెల్లారుజామున మూడున్నర.
పెంచలయ్య బండి దగ్గుతోంది,
తెల్లపొగ, మధ్యమధ్య ఎక్కిళ్ళు.
వెనక గూడూరు నిమ్మకాయల లోడు.
కోయంబేడులో ఈపాటికి పాట మొదలై ఉంటుంది.

"పంపు పోయినట్టుందబ్బా" అంటాడు.
నేను పలకను. పదిహేడో నంబరు స్పానరు తీసి
ఇంజను ఆడుతుండగానే
ఒక్కో పైపు నట్టు వదులు చేస్తాను.
ఒకటి: బండి తూలింది. బిగించాను.
రెండు, మూడు, నాలుగు, తూలుతూనే ఉంది.
ఐదోది వదిలాను.
మణికట్టు మీద డీజిలు చిమ్మింది.
చప్పుడు మాత్రం ఎప్పటిలానే.

పక్కకు తప్పించినా లోటు తెలియలేదంటే
వాడు ఎప్పుడో పని మానేశాడు.

ఇంజెక్టరు పెరికితే చుట్టూ బొగ్గు.
అడుగున రాగి వాషరు,
పాతదే, మంటలో కాల్చి మళ్ళీ వేసింది.
వేసిన చెయ్యి ఎవరిదో నాకు తెలుసు.
మొన్న దీపావళి ముందురోజు, అంగళ్ళు మూసుంటే
"ఇది చాల్లే" అన్నది నేనే.

కొత్తది వేసి, బిగించి, గాలి తీసి
సెల్ఫు కొట్టమన్నాను.
ఆరూ ఒక్క గొంతుతో అందుకున్నాయి.

"ఎంతబ్బా?"
"వద్దులే, పో."
అర్థం కాక, గుప్పెడు నిమ్మకాయలు
సామాన్ల పెట్టె మీద పోసి వెళ్ళాడు.

ఒకటి కోసి చేతులు రుద్దుకున్నాను.
గీసుకుపోయిన చోటల్లా మండింది.