అర సెకను ముందు

గుంతకల్లు, రైల్వే ఇన్‌స్టిట్యూట్ కోర్టు.
పొద్దున్నే ట్యాంకరు నీళ్లు కొట్టి
సున్నం గీతలు మళ్లీ గీసినారు.
పదిన్నరకల్లా ఎర్రమన్ను పొడిబారి
ఆడపిల్లల సాక్సుల్లోకి ఎక్కింది.

నేను రేడియో వాణ్ణి. వైర్లు నావి, మాటలు నావి కావు.
రేకుల పందిరి కింద రెండు మైకులు పెట్టినా.
ఒకటి పరమేశ్వరప్ప సారుకి.
క్రికెట్టు చెప్పీ చెప్పీ గొంతరిగిన మనిషి,
బంతి నెట్టు దాటితే చాలు "అద్భుతం" అంటాడు.
రెండోది ఫిలోమినా మేడంకి.

పార్సిల్ ఆఫీసులో ముప్పైనాలుగేళ్లు
బస్తాల మీద నెంబర్లేసి రిటైరైన మనిషి.
ఆ ఉద్యోగం ఇప్పించింది ఈ కోర్టే:
మూడేండ్లు వరసగా రైల్వేలన్నిటికీ ఛాంపియను.
కుడి భుజం ఇప్పుడు చెవిదాకా లేవదు.
మైకు ఎడమ చేత్తో పట్టుకుంటుంది.

తక్కువ మాట్లాడుతుంది.
"మోకాలు వంచలేదు."
"గాలి."
అంతే, గాలి. ఉరవకొండ దిక్కున
మరలు తిప్పంగా మిగిలింది ఇటొస్తుంది,
పైకి లేచిన బంతిని జానెడు పక్కకు జరుపుతుంది.
ఆ జానెడు ఆమె చేతికింకా గుర్తు.

రాత్రి ఎడిటింగులో చూసినా.
తెర మీద గొంతు ఒక పచ్చ గీత, బంతి ఒక ముల్లు.
"నెట్" అని ఆమె అన్న చోటు
బంతి నెట్టుకు తగిలిన చోటుకన్నా అర సెకను ముందుంది.
మిషను తప్పేమోనని మళ్లీ చూసినా.
"బయట" – అదీ అర సెకను ముందే.
ఒక్కసారే తప్పింది.
ఇక అందదనుకున్న బంతిని వన్నూరమ్మ
బోర్లా పడుతూ అవతలికి తోసినప్పుడు
"పోయిం..." అని ఆగి, నవ్వింది మేడం.
ఆ నవ్వు ఉంచినా.

గెలిచిన పిల్ల చక్కగా మాట్లాడింది,
కోచ్‌కి, అమ్మానాన్నకి, స్పాన్సరుకి థాంక్స్ చెప్పింది.
ఓడిన పిల్ల వజ్రకరూరు వన్నూరమ్మ
మొహం మీద తువ్వాలు కప్పుకుని బెంచీ మీద కూర్చుంది.
"ఎలా ఫీలవుతున్నావమ్మా?" అంటూ
సారు మైకు చాచబోతే
మేడం ఆయన మణికట్టు పట్టుకుంది. గట్టిగా కాదు.

తర్వాత టీ తాగుతా చెప్పింది నాకు:
మొదటి కప్పు గెల్చిన రోజు పేపరాయన వచ్చి
"పెండ్లెప్పుడు పాపా?" అన్నాడంట.
రెండో కప్పుకీ అదే ప్రశ్న, మూడోదానికీ అదే.
నాలుగో ఏడు ఫైనల్లో ఓడితే ఎవురూ రాలేదు.
"ఆ పొద్దు చెప్పాల్సింది శానా ఉండె.
అడిగేవాళ్లు లేక మర్చిపోయినా."

పక్కన కూర్చుంది మేడం, ఎదురుగా కాదు.
"అయిదు అయిదు మీద, రెండో సర్వుకి
బంతి పైకేసినప్పుడు ఎండ యా కంట్లో పడింది మే?"

మా స్టేషను రూలు: అయిదు సెకన్లకు మించి
గాలిలో ఖాళీ పోకూడదు.
ఆరు.
ఏడు. యార్డులో గూడ్సు డబ్బాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి.
తొమ్మిది. తువ్వాలు కిందికి దిగింది.
"ఎడమ. ఎట్ల తెల్సు మీకు?"

ఆ తర్వాత పద్నాలుగు నిమిషాలు ఆగలేదు పిల్ల.
తొలివానకి ఊరంతా చేన్లల్లో వజ్రాలు వెతుకుతుంటే
తాను కంపచెట్లల్లో బంతులు వెతికింది,
అక్క బూట్ల ముందర గుడ్డలు కుక్కి తొడిగింది,
ఆ సర్వుకి ముందు, ఎందుకో,
ఇంటి తాళం గుర్తొచ్చింది.
మేడం ఒక్కచోట "ఊఁ" అనింది.

నాకిచ్చింది నాలుగు నిమిషాలు.
స్పాన్సరును తీసేసినా. పద్దెనిమిది అద్భుతాలు తీసేసినా.
తొమ్మిది సెకన్ల మీద కత్తెర ఆడలేదు.

సోమవారం మెమో వచ్చింది:
ప్రసారంలో అంతరాయం, వివరణ ఇవ్వవలెను.
రాసి పంపినా:
అంతరాయం కాదు సార్.
సౌండు పెంచి వినండి,
ఒక గూడ్సు వచ్చి ఆగుతోంది.