పంటు మీద ఫార్మకాలజీ

సఖినేటిపల్లి రేవులో తొలి పంటు.
మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు, ఒక మేకపోతు,
వాటి మధ్య నేను.
ఒళ్ళో అట్ట ఊడిన పుస్తకం,
క్యాలెండరు కాగితం చుట్టి కుట్టుకున్నాను.
నర్సాపురం గట్టు చేరేలోపు రెండు పేజీలు,
నది పోటు మీదుంటే మూడు.

పదకొండేళ్ళు మందుల షాపులో నిలబడ్డాను.
డాక్టరు గారి రాత నీళ్ళ మీద గాలి గీసిన గీత,
అయినా చదివేస్తాను.
"గులాబీ రంగు బిళ్ళమ్మా, మధ్యలో గాటుంటది" అంటే
ఏ అరలో ఏ డబ్బానో నా చేతికి తెలుసు.
చేతికి తెలిసింది పరీక్షలో చెల్లదట.
పేరు కావాలి, పేరుకి వర్గం కావాలి,
ఒంట్లో అది చేసే పని,
చేయకూడని చోట చేసే పని.

షాపు గోడకి అద్దంలో ఒక సర్టిఫికెట్టు.
కోటు, పల్చటి మీసం, చామర్తి ఫణీంద్ర.
ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.
నెలనెలా ఆ ఫొటోకి అద్దె వెళ్తుంది.
తనిఖీకొచ్చిన వాళ్ళతో
"ఇప్పుడే భోజనానికెళ్ళారండి, ఆయ్" అన్నది నేనే.
పదకొండేళ్ళుగా భోంచేస్తూనే ఉన్నాడు మహానుభావుడు!
శనివారాలు ఆ అద్దం తుడిచేదాన్ని.
తుడిచినప్పుడల్లా ఆయన మీసం కింద
నా నోరు కనపడేది.

ముప్పై నాలుగేళ్ళకి డిప్లొమాలో చేరాను.
క్లాసులో పిల్లలు ఆంటీ అన్నారు, తర్వాత నోట్సు అడిగారు.
"పాసైతే ఆ అద్దె నీకే ఇస్తానే వేణీ" అన్నారు ఓనరు గారు.
జీతం సంగతి ఎత్తలేదు.

అర్ధాయువు, పుస్తకంలో నాలుగు పంక్తులు.
ఎన్నిసార్లు చదివినా తలకెక్కలేదు.
సరంగు ఏసుపాదం గారిని అడిగాను,
పాటు తీసేప్పుడు రేవు మెట్లెలా తేలతాయని.
"మొదట గబగబా తీస్తాదమ్మా, పోనుపోనూ బద్ధకిస్తాది.
అడుగు మెట్టు తడి మాత్రం ఆరగా నేను చూళ్ళేదు."
సగం, సగంలో సగం, అందులో సగం.
ఆ రాత్రి నిద్దట్లో కూడా మెట్లు దిగాను.

ఎనిమిది గంటలకోసారి అంటే ఎందుకో
వేసవిలో వంతు నీళ్ళు కాసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.
వంతు తప్పితే మడి బీటలిస్తుంది,
రెండు వంతులూ ఒకేసారి వదిలితే గట్టు తెగుతుంది.

ఒకేలా వినపడే పేర్ల జాబితా దగ్గరికి రాగానే
నా వేలు ఆగిపోతుంది.
ఆరేళ్ళ కిందట, కరెంటు పోయిన సాయంత్రం,
సెల్లు వెలుతురులో ఒకటి బదులు ఇంకోటి తీసిచ్చాను.
రొయ్యల చెరువు కాపలా ధనరాజుకి, వాళ్ళమ్మ కోసం.
రాత్రి పదకొండింటికి, పక్క మీద, గుర్తొచ్చింది.
ఆఖరి పంటు వెళ్ళిపోయింది.
కాళ్ళావేళ్ళా పడి నాటు పడవ తీయించి
అవతలికెళ్ళి తలుపు కొట్టాను.
కవరు విప్పలేదావిడ.
"అన్నం తిన్నాక ఏసుకోమన్నావంట గదే.
అన్నం సయించలేదు" అంది.
ఆ గుమ్మంలో కూలబడి ఎంతసేపు ఏడ్చానో.
ఆవిడ నాకు మజ్జిగిచ్చింది.

బుధవారం పరీక్ష.
మోడల్ పేపరులో ఒక ప్రశ్న:
రోగికి చెప్పవలసిన జాగ్రత్తలు ఐదు రాయుము, ఐదు మార్కులు.
నాలుగు రాశాను.

"అమ్మాయ్, మందుల షాపు అమ్మాయివి కదూ?"
పాల క్యాను మీద కూర్చున్న పెద్దావిడ
కొంగు ముడి విప్పి సగం చించిన స్ట్రిప్పు చూపిస్తోంది.
"ఇది పొద్దున్నా, రాత్రా?"

పుస్తకం మూశాను.
"ముందు చెప్పండి, ఏమన్నా తిన్నారా?"

పంటు గట్టుకి తగిలింది.
అందరికంటే ముందు మేకపోతు దిగింది.