నుదుటి మీది అతుకు

ముహర్రక్ గల్లీల మా సెలూను: మూడు కుర్చీలు,
ఒక ఏసీ, ఒక టీవీ, దాని కింద డెక్కు.
పక్క కొట్టు కుట్టప్పన్
ఎవ్వరూ కిరాయికి కొంటవోని క్యాసెట్లు
శుక్రారం తప్ప అన్నొద్దులూ ఉత్తగనే ఇచ్చేటోడు.
అట్ల దొరికిండు నాకు కాజిమొరి తెత్సుగో.
రూముల మావోళ్ల నోట్లె వారం తిరగకముందే
కాజ మొగిలి అయిండు.

మాటలు జపానువి. కింద రాతలు అరబ్బీవి.
నాకు రెండూ రావు.
నురుగు పెట్టిచ్చుకొని కూసున్న హాజీ యూసుఫ్,
ముత్యాలకు సముద్రంల మునిగినోళ్లల్ల ఆఖరోడు,
సదివి, వచ్చీరాని హిందీలకు దింపి చెప్పేటోడు:
"దొర సచ్చిండు. ఇగ వీడు ఎవనివాడూ కాడు."
నాలుగు నిమిషాల మాటలకు అంతే.
మిగిలింది తలకాయ చూసి అర్థం చేసుకున్న.

మావోళ్లు కత్తిని చూసి ఈలలేసేటోళ్లు.
నేను నుదుటి కాడికెల్లి నడినెత్తి దాక
గీసిన ఆ బాటను చూసేటోణ్ణి.
ఎండల మెరిసే ఆ నునుపు ఒక్కపూట పని కాదు.
రోజూ పొద్దుగాల ఎవడో నీళ్లు తడిపి, తోలు గుంజి పట్టి,
వెంట్రుక వాలు చూసి దించిన కత్తి అది.
మన భాషల దానికీ దీనికీ ఒకటే పేరు.

వరుస లేకుండ చూసిన అతని బతుకు.
మంగళారం ముసలోడై సచ్చిండు,
బుధారం ఇరవై ఏండ్ల పోరడై గుర్రం మీదికెల్లి పడ్డడు.
ఒకదాంట్ల గుడ్డోడు.
ఒకదాంట్ల కుండలమ్ముకునే పాత దొంగ.
పదకొండిట్ల ఒకటే వేషం,
వానల నిలబడి ఎవరికోసమో చూసే కిరాయి కత్తి.
ఆ వానను చూడనీకి
మూతి మీద నూగు సుత రాని పోరగాండ్లు
ఎండలకెల్లి లోపటికొచ్చి గోడకు నిలబడేటోళ్లు.

అట్టల మీద సాలు చూసి పేర్చుకుంట వస్తే
ఇరవై ఎనిమిదో క్యాసెట్టు కాడ నా చెయ్యి ఆగింది.
కనుబొమ్మల మీద నాలుగేళ్ల ఎత్తున ఒక అతుకు.
విగ్గు.
పౌడరు మెత్తిండ్రు గానీ, చెమటకు అంచు లేస్తున్నది.
అటెన్క అన్నిట్ల విగ్గే.
పేరొచ్చింది, బద్ధకమొచ్చింది అనుకున్న.
అబద్ధమెందుకు, కోపమొచ్చింది.

ఆఖరిదాంట్ల విగ్గు సుత లేదు.
తెల్లజుట్టు, భుజాల దాక.
సినిమా అంత ఒర మీద చెయ్యి ఉంటది, కత్తి బయటికి రాదు.
ఆ దినం హాజీ ఒక్క ముక్క సదవలే.
దవడ మీద నురుగు ఎండిపోయింది.

సిత్రా రిఫైనరీ పనికొచ్చిన జపాను ఇంజినీరు,
ఒసనాయ్, ఒకపారి తోవ తప్పి మా కుర్చీల కూసున్నడు.
అరబ్బీల "ప" లేక హాజీకి నేను బోశాలు.
"ల" తిరగక ఈయనకు పోశారు.
కాజిమొరి అన్న. మల్లొకసారి అన్న. మూడోసారికి సమజైంది.
నెత్తి గీసే పని ఎవలు చేసేది అని చేతుల్తోటి అడిగిన.

ముప్పై ఏండ్లు ఒక్కడేనట.
వాడు పోయినంక
ఇంకో చెయ్యి నా నెత్తి మీద పడొద్దు అన్నడట.
వాని పేరు?
చెవి కాడికెల్లి నేను కత్తి తీసేదాక ఆగి
అద్దంల నన్ను చూసి తల అడ్డంగ ఊపిండు.
అయిదు వందల ఫిల్సులు ఇచ్చి పోయిండు.

ఆ రాత్రి మొదటి క్యాసెట్టు మల్ల పెట్టిన.
ముప్పై మంది బంట్లల్ల ఒకడు.
వచ్చిన నిమిషానికి బోర్ల పడి సస్తడు.
అక్కడ ఆపిన. బొమ్మ గీతలు గీతలుగ వణుకుతున్నది.
నడినెత్తిన, జర ఎడమకు,
బియ్యపు గింజంత గాటు. పచ్చిది.
రంగు కాదు, నాకు తెల్వదా?
కొత్త చెయ్యి. తోలు గుంజి పట్టుడు ఇంకా రాలే.

కోరుట్లల మా మామ గుండు మీద
నేను పెట్టిన మొదటి గాటు సుత
అక్కడ్నే.
మామ ఏమన్లే.
పటికబిళ్ల రాసుకొని,
ఇంకా ఉన్నది, గియ్యి అన్నడు.