ఒక రాత్రి ధర

భీములవారిపాళెం రేవులో ముగ్గురు
తెల్ల బూట్లతో ఎక్కినారు నా పడవ.
ఒకాయన చేతిలో నున్నటి పుస్తకం,
దాంట్లో మా ఇరకం దీవి బొమ్మ.
బట్టల నీలం డబ్బాడు ఒంపినట్టుండారు నీళ్ళలో.
నేను పుట్టినప్పట్నించీ ఈ మడుగు
పొద్దున గంజి, మిట్టమధ్యాన్నం సీసం,
వాన ముందర వంకాయ తొక్క.

టోపీ పెట్టుకున్న ఒకామె
మా వలలు ఆరేసే దిబ్బ మీద పడుకోనుంది.
తాటిచెట్లు తీసేసి కొబ్బరిచెట్లు నిలబెట్టినారు.
ఎండుచేపల వాసన బొమ్మలోకి రాదు కదా.

"ఇక్కడ చరిత్ర ఏమన్నా ఉందా, రాసుకోడానికి?"
ఉండాది సార్.
మా జేజి నొప్పులొచ్చి తడ ఆస్పత్రికి పోతా పోతా
ఇదో, ఈ నీళ్ళ మీదనే కనింది మా నాయన్ని.
రేషన్ కార్డులో పోలయ్య. ఊళ్ళో పడవయ్య.
ఆయన రాసుకోలేదు.

అంతలో ఉత్తరాన రాజహంసలు లేచినాయి,
తడిచీర ఎవరో విదిలించినట్టు.
ముగ్గురూ ఫోన్లు ఎత్తినారు. పడవ ఒరిగింది.
నీళ్ళు తోడమని డబ్బా ఇచ్చినా.
చిన్నాయన తోడినాడు పాపం, బూట్లు తడిసినా.

చివరి పేజీలో అంకె ఉండాది:
ఒక రాత్రికి ముప్పైరెండు వేలు.
రొయ్యల్లో లెక్క కట్టబోయినా.
వేళ్ళు చాల్లేదు, ఎండాకాలమూ చాల్లేదు.

దిగినాక అడిగినారు, "ఎంతమ్మా?"
"మనిషికి ఇరవై."
ముగ్గురూ జేబులు తడుముకున్నారు.
చిల్లర లేదంట.
"మళ్ళా వస్తారు గదా, అప్పుడియ్యండి"
అని గెడ బురదలో దించినా.
బురద కాసేపు వదల్లేదు.