ఉప్పు లెక్క

విరిగిన వంతెన కింద, అడయారు బురదలో
నీలం నైలాను తాడుతో మీటరు చతురస్రం కట్టాం.
లోపల మడచెట్ల ఊపిరివేర్లు
పెన్సిలు ముక్కల్లా పొడుచుకొచ్చి ఉన్నాయి.
దేశింగు అరవంలో లెక్కపెడతాడు,
నేను తెలుగులో వింటాను, పుస్తకంలో అంకెలు పడతాయి.
నూట పన్నెండు. పోయిన నెల నూట ముప్పై.
"కొన్ని పీతలు కొరికాయి, కొన్ని నీ బూట్లు తొక్కాయి" అంటాడు.
రెండోది నేను రాసుకోను.

ఇరవై రెండు నెలలుగా ఇదే పని.
రాలిన ఆకును వలలో పట్టి, ఎండబెట్టి, తూచి
ఏ ఎండకు చెట్టు ఎంత వదులుకుందో చూడటం.
ఆకు మీద తెల్లటి పొడి:
తిన్న ఉప్పును కడుపులో దాచుకోని చెట్టు ఇది.
గోటితో గీకి నాలిక మీద వేసుకోవడం దేశింగే నేర్పాడు.

నీళ్ల ఉప్పదనానికి నా దగ్గరొక చిన్న గొట్టం ఉంది.
గాజు మీద చుక్క వేసి, వెలుగుకేసి ఎత్తి, ఒక కన్ను మూస్తే
నీలానికీ తెలుపుకీ నడుమ గీత.
ఆయనకవేవీ అక్కర్లేదు. తిథి, గాలి,
పోటు ఎక్కిందాకా రాతి మీద తడి.
"ఇరవై ఆరు" అంటాడు. గొట్టం ఇరవై ఐదంటుంది.
ఈ పందెంలో నేను ఓడిన టీలకు లెక్క లేదు.

ఈ చిత్తిరై పున్నమి మర్నాడు
బురదలో దిగకముందే "ముప్పై" అన్నాడు.
గొట్టం తొమ్మిది అంది.
గాజు తుడిచాను. మంచినీళ్ల చుక్కతో సరిచూశాను. సున్నా.
మళ్లీ నది చుక్క. తొమ్మిది.
ఆయన వేలు ముంచి, నాలిక్కి తాకించి, ఉమ్మేశాడు.
ఏమీ అనలేదు.

గట్టు వెంట నడిచాం.
నది కడలిలో కలవాల్సిన చోట ఇసుక.
దాని మీద కుప్పం పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు,
వికెట్లు మూడు తెడ్డు ముక్కలు.
అటు అలలు కొట్టుకుంటున్నాయి, ఇటు ఊరి మురుగు నిండుతోంది.
"మా నాన్నా నేనూ పడవ బోల్తా పడింది ఇక్కడే,
ఆ బౌలరు నిలబడ్డ చోట. రెండు నిలువుల లోతు."
"అన్నా, పక్కకు జరుగు" అని అరిచాడు బౌలరు.
జరిగాం.

రాత్రి ల్యాబులో గడులు నింపుతున్నాను.
వేర్లు, పీత బొరియలు, ఆకుల బరువు. ఉప్పదనం తొమ్మిది.
పక్కన వ్యాఖ్యల గడిలో
"దేశింగు: ముప్పై" అని రాశాను.
మేడమ్ కొట్టేయమంటారు.
నా గొట్టం కొని రెండేళ్లే అయిందని చెప్పాలి,
అంతకుముందు ఈ నది ఎలా ఉండేదో
ఇంకెక్కడా రాసి లేదని.

మొదటిసారి, ఒక టీ ఆయనే నాకు బాకీ.